మూలన పడిన మారుతి 800కి వెనక డ్రమ్ బ్రేకులు బాగుచేయడం ఎలా

మారుతి 800 తయారీ 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఆగింది. హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 అనే కాలుష్య నిబంధనలు రావడంతో అక్కడ అమ్మకాలు ముందే ఆపేశారు. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి 800 పాత బండే. వీటిలో చాలావాటికి ఇంజన్ ఇంకా బాగానే తిరుగుతుంది, యజమానులు ఆయిల్ మారుస్తారు, ఏసీ చూపించుకుంటారు, సీటు కవర్లు కూడా వేయిస్తారు. వెనక చక్రాల డ్రమ్ములు, అంటే చక్రంతో తిరిగే ఇనుప గిన్నెలు, మాత్రం ఏళ్ల తరబడి ఎవరూ విప్పరు.

దీనికి కారణం ఉంది. బ్రేకు తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు డిస్కులే చేస్తాయి. వెనక బ్రేకులు సగం చచ్చిపోయినా ఊళ్లో నెమ్మదిగా నడిపేవాళ్లకి తేడా తెలియదు. వానలో, నలుగురితో, సామానుతో హైవే మీద వెళ్తూ ఒక్కసారిగా ఆపాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది.

అంతకంటే ముందు ఒక గుర్తు కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ లివర్ రోజురోజుకీ ఎక్కువ పైకి వస్తుంది. అప్పుడు చాలాచోట్ల చేసే పని కేబుల్ బిగించడం. రెండు నిమిషాల పని, లివర్ మళ్లీ కిందనే పట్టుకుంటుంది, అందరికీ తృప్తి. కానీ లోపల షూలు (డ్రమ్ముకి ఒరిసి బండిని ఆపే వంపు పట్టీలు) అరిగాయో, వాటిని సర్దే పళ్ల పట్టీ తుప్పు పట్టి ఇరుక్కుందో ఎవరూ చూడలేదు. పైగా కేబుల్ అతిగా బిగిస్తే లోపలి హ్యాండ్‌బ్రేక్ లివర్ తన అసలు స్థానానికి వెనక్కి రాదు. దాంతో షూలు తమంతట తాము సర్దుకునే ఏర్పాటు కూడా పనిచేయడం మానేస్తుంది. అందుకే ఈ మార్గదర్శిలో కేబుల్ మాట అన్నింటికంటే చివర వస్తుంది. మొదట డ్రమ్ము విప్పాలి.

విప్పకముందే ఏం తెలుసుకోవచ్చు

పెడల్ మొదటిసారి లోతుగా వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిపడుతోందంటే షూలు డ్రమ్ముకి బాగా దూరంగా ఉన్నాయని అర్థం. ఎన్నిసార్లు తొక్కినా మెత్తగా, స్పాంజిలా ఉంటే లైన్లలో, అంటే బ్రేక్ ఆయిల్ పైపుల్లో, గాలి ఉంది. కాలు అలాగే నొక్కి ఉంచినప్పుడు పెడల్ నెమ్మదిగా కిందికి జారుతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) లోపలి సీళ్లు పోయాయి. ఈ మూడో రకం కనిపిస్తే బండి బయటికి తీయకండి.

వెనక టైరు లోపలి వైపు చేత్తో తడిమి చూడండి. 800 ముందు చక్రాలతో నడిచే బండి, వెనక ఇరుసులో గేర్ ఆయిల్ ఉండదు. కాబట్టి అక్కడ పల్చని జిడ్డు తగిలితే అది వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలని డ్రమ్ము వైపు నెట్టేది) నుంచి కారిన బ్రేక్ ఆయిలే. కాస్త తిప్పి వచ్చాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, రిమ్ముని తాకకుండా దగ్గరగా పెడితే చాలు. వెనక ఒక చక్రం మాత్రమే బాగా వేడెక్కి కాలిన వాసన వస్తుంటే అక్కడ షూ వెనక్కి రావడం లేదు. వానాకాలం తర్వాత బండి మొదట కదలక, గేరు వేసి యాక్సిలరేటర్ ఇచ్చాక టప్‌మని చప్పుడుతో కదిలిందంటే షూ డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ ఎక్కువ.

సరంజామా

మంచి జాకీ, రెండు స్టాండ్లు, వీల్ పానా, మధ్య నట్టుకి సరిపోయే పెద్ద సాకెట్, పొడవైన రాడ్డు, టార్క్ రెంచ్, నోస్ ప్లయర్, రబ్బరు సుత్తి, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్, తుప్పు వదిలించే స్ప్రే, బ్రేక్ పైపు నట్టుకి ఫ్లేర్ స్పానర్. ఈ చివరిది తప్పకుండా కొనండి. మామూలు స్పానర్ పాత పైపు నట్టు మూలల్ని చెక్కేస్తుంది, ఆ తర్వాత పైపు కూడా మార్చాల్సి వస్తుంది.

సామాన్లలో షూల సెట్టు, రెండు వీల్ సిలిండర్లు, స్ప్రింగుల కిట్టు, స్ప్లిట్ పిన్నులు, వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు, సీలు విప్పని డాట్ 3 బ్రేక్ ఆయిల్. 800 సామాను ఇప్పటికీ దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే చాలా రకాలు చూపిస్తారు. బ్రేకుల విషయంలో చవకగా వచ్చే పేరులేని పెట్టె వద్దు. పాత షూలకే కొత్త లైనింగ్ (డ్రమ్ముకి ఒరిసి అరిగే పై పొర) అతికించి ఇస్తామనేవాళ్లు ఉంటారు. బాగా చేసేవాళ్లు ఉన్నారు గానీ, ఇంత చిన్న బండికి కొత్త షూల సెట్టు కొనడమే నా సలహా. అతుకు ఊడితే అది డ్రమ్ములో ఇరుక్కుని చక్రం పట్టేస్తుంది.

జాగ్రత్తలు, ఇక్కడ తొందర వద్దు

చదునైన గట్టి నేల మీద బండి పెట్టండి. మట్టి నేలైతే జాకీ కింద మందపాటి చెక్క వేయండి. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టి, ఫస్ట్ గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలేయండి. గేరు 800లో ముందు చక్రాలను పడుతుంది కాబట్టి ఇది పనిచేస్తుంది. అంబాసిడర్ లాంటి వెనక చక్రాలతో నడిచే బండిలో గేరు పట్టుకునేది మీరు పైకెత్తిన చక్రాలనే, అక్కడ ముందు దిమ్మలే దిక్కు. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండిని గుంజకండి, కిందికి దూరకండి. ఇటుకలు స్టాండ్లు కావు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి.

రెండోది దుమ్ము. పాత లైనింగుల్లో యాస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఊపిరితిత్తులకి అది చేసే హాని ఏళ్ల తర్వాత బయటపడుతుంది. కంప్రెసర్ గాలితో డ్రమ్ము ఊదడం ప్రతి షెడ్డులోనూ కనిపిస్తుంది, పక్కనే కుర్రాళ్లు ముఖానికి గుడ్డ కూడా లేకుండా నిలబడి ఉంటారు. దయచేసి అలా చేయకండి, చేయనివ్వకండి. మాస్కు పెట్టుకోండి, క్లీనర్‌తో దుమ్ముని బాగా తడపండి, కింద తట్ట పెట్టి కారనివ్వండి, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి.

డ్రమ్ము విప్పడం

800లో వెనక డ్రమ్ము, హబ్బు ఒకటే ముక్క. చక్రం బేరింగులు డ్రమ్ములోనే ఉంటాయి. మధ్యలో ఉన్న రేకు మూతని చుట్టూ మెల్లగా తట్టి తీయండి. లోపల స్ప్లిట్ పిన్ను, దాని కింద కోట బురుజులా గాట్లున్న నట్టు, వాషరు ఉంటాయి. పిన్ను తీసి నట్టుని కాస్త వదులు చేసే పని వీలైతే చక్రం నేల మీద ఉన్నప్పుడే చేయండి. తర్వాత బండి లేపి, స్టాండ్ల మీద దించి, చక్రం తీసేయండి.

నట్టు పూర్తిగా విప్పినా డ్రమ్ము వెంటనే రాదు. లోపల షూలు అరిగిన గాడిలో కూర్చుని ఉంటాయి, డ్రమ్ము అంచున తుప్పు గట్టు కట్టి ఉంటుంది, ఆ గట్టుకి షూలు తగులుకుంటాయి. ముందు హ్యాండ్‌బ్రేక్ కేబుల్ సర్దుబాటు నట్టుని బాగా వదులు చేయండి. తర్వాత వెనక రేకు (డ్రమ్ము వెనక, షూలూ సిలిండరూ బిగించి ఉండే పళ్లెం) మీద ఉన్న చిన్న రబ్బరు మూత తీసి, ఆ రంధ్రంలోంచి స్క్రూ డ్రైవర్‌తో షూని పట్టి ఉంచే స్ప్రింగుని పైకి, ముందుకి నెట్టండి. లోపలి హ్యాండ్‌బ్రేక్ లివర్ ఆ స్ప్రింగుకి ఆని ఆగి ఉంటుంది. అది తప్పుకోగానే లివర్ ఇంకాస్త వెనక్కి జరిగి, షూలు ఒకదానికొకటి దగ్గరకి వస్తాయి. చాలామంది ఈ రంధ్రం సంగతి తెలియక డ్రమ్ముని సుత్తితో బాది పగలగొడతారు.

అప్పటికీ రాకపోతే ఇరుసు చుట్టూ తుప్పు స్ప్రే కొట్టి కాసేపు ఆగండి. రబ్బరు సుత్తితో, లేదా చెక్క అడ్డం పెట్టి, డ్రమ్ము చుట్టూ తిప్పుతూ తట్టండి. ఇది పోత ఇనుము, అంచు మీద ఇనుప సుత్తితో కొడితే చీలుతుంది. స్లైడ్ హ్యామర్ (జారే బరువుతో డ్రమ్ముని బయటికి గుంజేది) అద్దెకో అరువుకో దొరికితే అదే సరైన పనిముట్టు. అది లేకపోతే చక్రాన్ని మళ్లీ తగిలించి, నట్లు సగం వరకే ఎక్కించి, రెండు చేతులా పట్టుకుని బయటికి గుంజితే చాలాసార్లు వచ్చేస్తుంది. బండి స్టాండ్ల మీద గట్టిగా కూర్చుని ఉంటేనే ఈ పని.

ఒక వైపు పూర్తిగా ముగిశాకే రెండో వైపు విప్పండి. ఏ స్ప్రింగు ఎక్కడో అనుమానం వస్తే చూసుకోవడానికి రెండో చక్రం ఉంటుంది. ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు కూడా తీసుకోండి.

లోపల ఏం చూడాలి

మొదట వీల్ సిలిండర్. రెండు చివరలా ఉన్న రబ్బరు తొడుగుల్ని స్క్రూ డ్రైవర్‌తో కొంచెం ఎత్తండి. లోపల తడి కనిపిస్తే సిలిండర్ పోయినట్టే. తడి లేకపోయినా పిస్టన్లు బిగుసుకున్నాయేమో చూడాలి, ఒకదాన్ని వేలితో నొక్కితే రెండోది బయటికి జరగాలి. లోపలి రబ్బరు కప్పుల కిట్టు వేసి సరిపెట్టొచ్చు కదా అని అడుగుతారు. పదేళ్లు ఆయిల్ మార్చని సిలిండర్ లోపలి గోడలు నీటి వల్ల గుంటలు పడి ఉంటాయి, కొత్త కప్పులు ఆ గుంటల మీద కొద్ది రోజుల్లోనే చిరుగుతాయి. సిలిండర్ మొత్తం మార్చండి, అదీ రెండు వైపులా.

షూలు రెండు చక్రాలకీ కలిపి ఒకేసారి మార్చాలి. లైనింగ్ మాన్యువల్‌లో ఇచ్చిన కనీస మందానికి దగ్గరపడినా, పగుళ్లున్నా, అంచులు విరిగినా, ఆయిల్ తగిలినా పక్కన పెట్టేయండి. ఆయిల్ తడిసిన షూని పెట్రోలుతో కడగడం, మంట పెట్టి కాల్చడం, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేయడం మన షెడ్లలో మామూలే. లైనింగ్ ఆయిల్‌ని లోపలికంటా పీల్చుకుంటుంది. పైన ఎంత రుద్దినా వేడెక్కగానే ఆ జిడ్డు మళ్లీ ఉబికి వస్తుంది, ఒక చక్రం పట్టి ఒకటి పట్టక బండి పక్కకి లాగుతుంది.

తర్వాత పళ్ల స్ట్రట్. రెండు షూల మధ్య అడ్డంగా ఉండే ఈ పట్టీయే షూలు అరిగేకొద్దీ ఒక్కో పన్ను జరిగి వాటిని డ్రమ్ముకి దగ్గరగా ఉంచుతుంది. నిర్లక్ష్యానికి గురైన బండ్లలో నూటికి తొంభై ఇక్కడే ఇరుక్కుని ఉంటాయని నా నమ్మకం. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, చేత్తో ఆడించి చూడండి. పళ్లు అరిగి గుండ్రంగా అయితే మార్చాలి. లోపలి హ్యాండ్‌బ్రేక్ లివర్ తన పిన్ను మీద స్వేచ్ఛగా తిరగాలి. కేబుల్‌ని కొస దగ్గర పట్టుకుని లాగి వదిలితే తనంతట తాను వెనక్కి జారాలి. తొడుగు చిట్లి లోపల తుప్పు పట్టిన కేబుల్‌కి నూనె పోసి నెట్టుకురావడం కుదరదు, మార్చేయండి.

డ్రమ్ము లోపలి ముఖం మీద వేలు పోనివ్వండి. సన్నటి గీతలు ఫరవాలేదు. గోరు ఇరుక్కునే గాళ్లు, నీలం రంగు మచ్చలు, అంచున గట్టు ఉంటే లేత్ పని అవసరం. కొత్త డ్రమ్ము లోపలి వ్యాసం 180 మి.మీ., 182 మి.మీ. దాటితే అది ఇక పనికిరాదు. లేత్ మీద పెట్టేముందు కొలిపించండి, రెండు డ్రమ్ములూ ఒకే కొలతకి తీయించండి. పగులు కనబడితే ఎంత చిన్నదైనా డ్రమ్ము పారేయాల్సిందే. ఈలోగా బేరింగుల్ని వేలితో తిప్పి చూడండి, గరగరమంటే ఇప్పుడే మార్పించడం మేలు. గ్రీజు లైనింగ్ మీదికి కారి ఉంటే లోపలి ఆయిల్ సీలు కూడా.

బిగించడం

పైపు నట్టుకి ముందురోజు రాత్రే తుప్పు స్ప్రే కొట్టి ఉంచితే విప్పడం తేలిక. నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరుగుతుంటే అక్కడే ఆపండి, కొంచెం ముందుకి కొంచెం వెనక్కి తిప్పుతూ వదిలించండి. కొత్త సిలిండర్ పెట్టేటప్పుడు పైపు నట్టుని ముందు చేత్తోనే నాలుగు మరలు ఎక్కించండి, ఆ తర్వాతే సిలిండర్ బోల్టులు బిగించండి. బోల్టులు ముందు బిగిస్తే పైపు సరిగ్గా కుదరక మర అడ్డంగా ఎక్కి పాడవుతుంది. సిలిండర్‌కీ వెనక రేకుకీ మధ్య నీళ్లు దూరకుండా సీలెంటు పూయడం మరవకండి.

వెనక రేకు మీద షూలు ఆని జారే ఉబ్బెత్తు చోట్లు ఉంటాయి. అక్కడ లోతైన గాడి పడితే షూ ఇరుక్కుంటుంది, అరగదీసి నున్నగా చేయండి. ఒక్కోచోట కందిగింజంత బ్రేక్ గ్రీజు చాలు. లైనింగ్ మీద వేలి జిడ్డు కూడా పడనివ్వకండి.

హ్యాండ్‌బ్రేక్ లివర్‌ని పాత షూ నుంచి కొత్తదానికి మార్చి, కొత్త క్లిప్పు పెట్టండి. స్ట్రట్‌ని పూర్తిగా ముడిచి పెట్టండి, లేకపోతే కొత్త లైనింగ్ మందానికి డ్రమ్ము ఎక్కదు. స్ప్రింగులు పెట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, జారితే సూటిగా కంటికే వస్తాయి. అన్నీ కూర్చున్నాక ఫొటోతో పోల్చి చూసి, షూలని చేత్తో అటూ ఇటూ కదిపి సిలిండర్ గాళ్లలో సరిగ్గా కూర్చున్నాయో లేదో గమనించండి.

డ్రమ్ము ఎక్కించి, వాషరు వేసి, నట్టుని సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించండి. టేపర్ రోలర్ (ఒక కొసకి సన్నబడే రోలర్లు) బేరింగులున్న బండ్లలో బిగించి కాస్త వెనక్కి వదులుతారు. 800లో ఆ పద్ధతి కాదు, బేరింగుల మధ్య స్పేసరు ఉంటుంది. స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే. పాతదాన్ని సాపు చేసి వేస్తే విరుగుతుంది, చక్రం ఆ పిన్ను నమ్ముకునే తిరుగుతోంది.

గాలి తీయడం

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ పరిమితి 140కి పడిపోతుంది. శ్రీశైలం ఘాట్ దిగుతూ బ్రేకులు వేడెక్కినప్పుడు ఆయిల్లో ఆవిరి పుడితే పెడల్ నేలకి తగులుతుంది. అందుకే సిలిండర్లు మార్చినప్పుడు నాలుగు చక్రాల ఆయిల్ మొత్తం మార్చేయండి, ఆ తర్వాత రెండేళ్లకోసారి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రం దగ్గర మొదలుపెట్టాలి. మన బండ్లలో అది ఎడమ వెనక చక్రం. బ్లీడర్‌కి (వీల్ సిలిండర్ మీద గాలి వదిలే చిన్న మరకి) సన్న ట్యూబు తగిలించి, రెండో కొస కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. లోపల కూర్చోవడానికి ఇంకో మనిషి కావాలి. మీరు "తొక్కు" అంటారు, అతను తొక్కి "పట్టుకున్నా" అంటాడు, మీరు బ్లీడర్ వదులు చేసి బుడగలు పోయాక బిగించి "వదులు" అంటారు. బిగించకముందే కాలు తీస్తే గాలి మళ్లీ లోపలికి వెళ్తుంది. రిజర్వాయర్ ఖాళీ అవకుండా మధ్యమధ్యలో నింపుతూ ఉండండి.

పాత బండికి ప్రత్యేకంగా చెప్పాల్సినది ఒకటుంది. పెడల్‌ని నేలకంటా తొక్కనివ్వకండి, కింద చెక్కముక్క పెట్టండి. ఏళ్లుగా పిస్టన్ వెళ్లని చోట మాస్టర్ సిలిండర్ గోడ గరుకెక్కి ఉంటుంది, సీళ్లు అక్కడిదాకా వెళ్తే చిరుగుతాయి. వెనక బ్రేకుల పని చేయించిన వారానికే మాస్టర్ సిలిండర్ పోయిందనే ఫిర్యాదుల వెనక తరచూ ఉండేది ఇదే.

సర్దుబాటు, పరీక్ష

గాలి పోయాక పెడల్‌ని పది సార్ల దాకా గట్టిగా తొక్కండి. స్ట్రట్ పళ్లు ఒక్కొక్కటీ జరిగి షూలు తమ దూరం తాము చూసుకుంటాయి. చక్రాన్ని చేత్తో తిప్పితే సన్నగా రాసుకునే చప్పుడు రావచ్చు గానీ, ఎక్కడా పట్టకూడదు. ఇప్పుడు కేబుల్ వంతు. లివర్ దగ్గరి నట్టుని నెమ్మదిగా బిగిస్తూ పోతే, నాలుగైదు నుంచి ఏడెనిమిది క్లిక్కుల మధ్య రెండు చక్రాలూ ఒకేలా గట్టిగా పట్టాలి. పూర్తిగా వదిలినప్పుడు రెండూ స్వేచ్ఛగా తిరగాలి. ఒకటి పట్టి ఇంకోటి పట్టకపోతే నట్టు మీద తప్పు వెతకకండి, పట్టని వైపు డ్రమ్ము మళ్లీ విప్పండి.

రోడ్డు మీదికి వెళ్లకముందు ఇంజన్ ఆన్ చేసి పెడల్‌ని ఒక నిమిషం నొక్కి ఉంచి, వెనక చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండుసార్లు ఆపి చూసి, తర్వాత 40 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా, మధ్యలో చల్లారనిస్తూ పదిసార్లు ఆపండి. కొత్త లైనింగు డ్రమ్ముకి అమరడానికి కొన్నాళ్లు పడుతుంది, మొదటి రెండు వందల కిలోమీటర్లలో సడన్ బ్రేకులు అవసరమైతే తప్ప వద్దు. ఆ తర్వాత ఒకసారి బండి లేపి తడి కోసం, నట్ల కోసం, లివర్ క్లిక్కుల కోసం మళ్లీ చూడండి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి రెన్యువల్ చేయించుకునేటప్పుడు బండిని తనిఖీకి తీసుకెళ్లాలి, బ్రేకులు అందులో భాగం. ఈ పని ఆ తేదీకి ముందే పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

బండి వారాల తరబడి కదలకుండా ఉండబోతుంటే, ముఖ్యంగా కడిగిన రోజునో వానలో తడిసిన రోజునో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచకండి. ఒకసారి వీధి చివరిదాకా నడిపి డ్రమ్ములు ఆరనిచ్చి, చదును నేల మీద ఫస్ట్ గేరులో పెట్టి, చక్రాల కింద చెక్క దిమ్మలు వేసి ఉంచండి. బ్రేక్ ఆయిల్ రిజర్వాయర్ మీద ఆనాటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసుకోండి. షూలు అరిగేకొద్దీ మట్టం కొద్దికొద్దిగా దిగడం సహజం. నెల తిరక్కుండా ఆ గీత నుంచి స్పష్టంగా కిందికి వెళ్లిందంటే మాత్రం ఎక్కడో కారుతోంది, ఆ రోజే చక్రాలు విప్పండి.